చాటున కూర్చున్నవాడి బాకీ

ఒక పిట్టను ముట్టుకోకుండా, దానికి ఏ హానీ చేయకుండా, అసలు దానికి తెలియకుండానే ఫొటో తీసుకుంటే అందులో తప్పేమైనా ఉందా? ఏమీ లేదని చాలామంది వెంటనే అంటారు. కానీ ఈ ప్రశ్న మా బడిలో తొమ్మిదో తరగతి పిల్ల అడిగింది. ఎందుకు అడిగిందో తెలిస్తే ఆ జవాబు అంత సులువుగా నోటికి రాదు.

పక్షుల ప్రవర్తన గురించి చెబుతూ ఉత్తర అమెరికా గడ్డిభూముల్లోని గ్రౌస్ అనే పక్షి వీడియో ఒకటి చూపించాను. తెల్లవారుజామున పుంజులన్నీ ఒకచోట చేరి, రెక్కలు చాచి, తోక నిలబెట్టి, నేల మీద కాళ్ళు దడదడలాడిస్తున్నాయి. వెనక వరుస నుంచి ఒకడు "సార్, గుస్సాడి!" అని అరిచాడు. అందరూ నవ్వారు. నవ్వు తగ్గాక ఆ పిల్ల అడిగింది: "తనను తీస్తున్నారని ఆ పిట్టకు తెలుసా సార్?"

గుస్సాడి అని వాడు అనకపోతే ఆ ప్రశ్న వచ్చేది కాదు. దండారి రోజుల్లో మన ఊళ్ళకు ఎన్ని కెమెరాలు వస్తున్నాయో ఆ పిల్ల చూస్తూనే ఉంది.

ముందు ఆ పిట్ట సంగతి, ఆ నేల సంగతి చెప్పాలి. ప్రెయిరీ అంటే మన సాంఘికశాస్త్రం పుస్తకంలో రెండు వాక్యాల్లో వచ్చిపోయే గడ్డిభూమి. కెనడా దక్షిణ భాగం నుంచి టెక్సాస్ దాకా పరుచుకుని ఉండేది. తూర్పున మనిషిని మించి పెరిగే పొడవు గడ్డి, పడమటికి పోయినకొద్దీ పొట్టి గడ్డి. పొడవు గడ్డి నేలలో ఇప్పుడు మిగిలింది నూటికి నాలుగు పాళ్ళ లోపే. మిగతాదంతా మొక్కజొన్న, సోయా, గోధుమ చేలయిపోయింది. మిగిలిన దాంట్లో పెద్ద భాగం కాన్సాస్ రాష్ట్రంలోని ఫ్లింట్ హిల్స్‌లో ఉంది. ఎవరో దయ తలచి వదిలిపెట్టినందుకు కాదు. అక్కడ మన్ను పలచన, కింద సున్నపురాయి, చెకుముకిరాయి. నాగలి దిగదు. అందుకే పశువులు మేపుకుంటున్నారు, గడ్డి బతికింది. మన గుట్టలు మనకు మిగలడానికి కూడా చాలాచోట్ల కారణం ఇదేనని మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఎన్నడూ దున్నని ఇటువంటి నేలను అక్కడ 'నేటివ్ ప్రెయిరీ' అంటారు. ఆ నేలలోనే పుట్టి పెరిగిన గడ్డి అని అర్థం. గడ్డికి ఆ గౌరవం దక్కింది. ఆ గడ్డి మీద పుట్టి పెరిగిన మనుషులకు దక్కలేదు. కాన్సాస్ అనే పేరే అక్కడి కా అనే ఆదివాసీ ప్రజల పేరు నుంచి వచ్చింది. 1873లో వాళ్ళను ఆ రాష్ట్రం నుంచి తరలించి ఇప్పటి ఓక్లహోమా ప్రాంతానికి పంపేశారు. పేరు ఒకచోట, పేరుగల మనుషులు ఇంకోచోట.

గ్రౌస్‌కు తెలుగులో పేరు లేదు. మన అడవుల్లో లేని పిట్టకు మనం పేరెందుకు పెడతాం! కోడి, కౌజు, నెమలి ఏ కుటుంబమో అదీ ఆ కుటుంబమే. ప్రెయిరీలో ఉండేవాటిలో ఒకదాన్ని అక్కడివాళ్ళు ప్రెయిరీ కోడి అంటారు. ఇంకొకటి సూదితోక గ్రౌస్. మా పిల్లలు చూసింది దాన్నే. చలి తగ్గి వసంతం మొదలైనప్పటి నుంచి, అంటే మార్చి, ఏప్రిల్, మే నెలల్లో, పుంజులు ప్రతి తెల్లవారుజామున ఒక ఆటస్థలానికి చేరతాయి. దాన్ని లెక్ అంటారు. గడ్డి పొట్టిగా ఉండి, చుట్టూ చూపు ఆనే మిట్ట నేల అయి ఉంటుంది. ఒక్కొక్క ఆటస్థలాన్ని ఏళ్ళ తరబడి, తరాల తరబడి వాడుకుంటాయి. తాతలు ఆడిన చోటే మనవళ్ళు ఆడతారు.

ప్రెయిరీ కోడి పుంజు మెడకు రెండు పక్కలా నారింజ రంగు సంచులు ఉబ్బుతాయి. తల మీద ఈకలు చెవుల్లా నిక్కబొడుచుకుంటాయి. ఖాళీ సీసా మూతి మీద ఊదినట్టు ఒక గుమ్మనే శబ్దం వస్తుంది. గాలి లేని పొద్దున అది కిలోమీటరు దాటి వినబడుతుంది. సూదితోక పుంజుకు మెడ సంచులు ఊదా రంగువి. అది తల వంచి, రెక్కలు చాచి, కంటికి ఆనని వేగంతో కాళ్ళు కొడుతుంది. పదీ ఇరవై పుంజులు కలిసి ఆడుతూ ఆడుతూ ఎవరో సైగ చేసినట్టు ఒక్కసారిగా ఆగిపోతాయి. మళ్ళీ ఒక్కసారిగా మొదలుపెడతాయి. డప్పు ఆగినప్పుడు మన ఆట ఆగినట్టే. అక్కడ డప్పు లేదు, అంతే తేడా.

పెట్టలు కొద్దిరోజులే వస్తాయి. వచ్చి, నింపాదిగా తిరిగి, పుంజుల్ని చూసి, ఒకదాన్ని ఎంచుకుని వెళ్ళిపోతాయి. చాలా పెట్టలు నడిమధ్యన నిలబడ్డ ఒకటి రెండు పుంజుల్నే ఎంచుకుంటాయి. ఆ తర్వాత గడ్డిలో గూడు, పదీ పన్నెండు గుడ్లు, పొదగడం, పిల్లల్ని సాకడం అంతా పెట్ట పనే. అంటే పెట్ట ఆటస్థలానికి వచ్చే ఆ కొద్దిపొద్దుల మీద ఏడాది సంతానమంతా ఆధారపడి ఉంది. ఆ పొద్దున ఒక మనిషి నడిచి వస్తే పుంజులు కాసేపటికి తిరిగి వస్తాయేమో గానీ పెట్ట ఆ రోజుకు రాకపోవచ్చు.

అందుకే ఫొటో తీయడానికి అక్కడ కట్టుబాట్లు ఉన్నాయి. ఆటస్థలం అంచున చెక్కతోనో గుడ్డతోనో ఒక చాటు కడతారు. మన వేటగాళ్ళు నీటిగుంట దగ్గర వేసే మంచె లాంటిదే, నేల మీద ఉంటుంది. పొద్దు పొడవడానికి ముప్పావుగంట ముందే, చీకట్లోనే, దాంట్లోకి దూరాలి. దీపం వెలిగించకూడదు. ఫ్లాష్ వేయకూడదు. మాట్లాడకూడదు. పుంజుల కూత రికార్డు పెట్టి పిలవకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైన కట్టుబాటు: ఆట ముగించి పక్షులు వెళ్ళిపోయేదాకా మనిషి బయటికి రాకూడదు. ఎండ ఎక్కినా, చలికి కాళ్ళు కొయ్యబారినా, ఒంటికి వెళ్ళాల్సి వచ్చినా లోపలే. (డబ్బా వెంట తెచ్చుకొమ్మని ముందే చెబుతారట. పిల్లలకు ఈ సంగతే అన్నిటికన్నా బాగా నచ్చింది.) సౌత్ డకోటాలో, నెబ్రాస్కాలో ప్రభుత్వ గడ్డిభూముల్లో ఇలాంటి చాటులు కట్టి జనాన్ని రానిస్తారు. అలవాటు లేని ఆటస్థలాలు ఎక్కడున్నాయో మాత్రం మంచి ఫొటోగ్రాఫర్లు బయటపెట్టరు.

ఇప్పుడు ప్రశ్న దగ్గరకు వద్దాం. పిట్టకు తెలియదు. తెలియకుండా ఉండాలనే ఇంత కష్టం. పిట్ట విషయంలో దాక్కోవడమే మర్యాద. మనిషి విషయంలో దాక్కుని ఫొటో తీయడమే అమర్యాద. ఒకే పని, ఒకచోట మంచి, ఇంకోచోట చెడు. ఎందుకు?

పిట్టకు మాట రాదు కాబట్టి అనుమతి అడగలేం, మనిషిని అడగగలం, అదే తేడా అని ఒక జవాబు ఉంది. ఈ జవాబు నాకు చాలదు. ఎందుకంటే అడగలేనిచోట తీసుకోవచ్చు అనే సూత్రం దాంట్లో ఇమిడి ఉంది. ఆ సూత్రం మనకు బాగా తెలుసు. మన తాతలకు కాగితం భాష రాదు కాబట్టి అడగనవసరం లేదనుకుని వాళ్ళ పోడు భూమిలో గీతలు గీసినవాళ్ళు ఉన్నారు. మాట రాకపోవడం అవతలివాడి లోపం కాదు, మన పని సులువు చేసే అవకాశమూ కాదు.

ఇంకో జవాబు ఉంది: హాని లేదు కాబట్టి తప్పు లేదు. ఇది కొంచెం గట్టి జవాబు. పిట్టకు పరువు అనే ఆలోచన లేదు, ఫొటో ఎక్కడ తిరిగినా దానికి సిగ్గు లేదు. దానికి కావలసింది పొద్దున ఆట సాగడం, గూడు కట్టడానికి గడ్డి ఉండటం, అంతే. ఆ రెండూ చెడకపోతే పిట్టకు పోయిందేమీ లేదు. సరే. కానీ చూసినవాడికి మాత్రం ఏదో వచ్చింది. డబ్బు రావచ్చు, పేరు రావచ్చు, లేదా ఇంటికి తీసుకుపోయే సంతోషం రావచ్చు. ఇవ్వనివాడి దగ్గర నుంచి వచ్చిన ఆ దానికి లెక్క ఏమిటి? హాని జరిగిందా లేదా అన్నది ఒక ప్రశ్న. బాకీ పడ్డామా లేదా అన్నది వేరే ప్రశ్న. మనం మొదటిదాన్ని మాత్రమే అడిగి ఊరుకుంటాం.

ఈ రెండో ప్రశ్నను ప్రెయిరీ ఆదివాసులు ఎప్పుడో అడిగారు. బ్లాక్‌ఫుట్ అనే ప్రజలు అమెరికాలోని మోంటానాలో, సరిహద్దు అవతల కెనడాలోని అల్బెర్టాలో ఉన్నారు. వాళ్ళకు కోడి ఆట అని ఒక నాట్యం ఉంది. గ్రౌస్ పుంజు ఆటను అనుకరించేది. ఆడే మగవాళ్ళు తల మీద, నడుము వెనక ఈకలు కట్టుకుని, తల వంచి, మెడ ఆడిస్తూ, కాళ్ళు చకచకా కొడతారు. గుస్సాడి ఎరిగినవాళ్ళకు ఇది వింత కాదు. నెమలి ఈకల టోపీ పెట్టుకుని ఆడేవాళ్ళం మనం.

ఆ ఆట ఎలా పుట్టిందో వాళ్ళు చెప్పే కథ ఇలా ఉంటుంది. ఒక వేటగాడు ఆటలో మునిగిన పుంజును కొట్టి ఇంటికి తెచ్చాడు. ఇంట్లోవాళ్ళు తిన్నారు. ఆ రాత్రి కలలో పుంజు వచ్చి, నేను ఆడుకుంటుంటే ఎందుకు చంపావని అడిగింది. నా ఇంటివాళ్ళ ఆకలి తీర్చడానికని అతను చెప్పాడు. అయితే నా ఆట నీకు నేర్పుతాను, నువ్వు దాన్ని నీ జనానికి నేర్పాలి, నేర్పకపోతే నీ ప్రాణం తీసుకుంటానని పుంజు చెప్పింది. అతను నేర్చుకున్నాడు, నేర్పాడు.

ఈ కథలో నాకు నచ్చింది, పుంజు వేటను తప్పు అనకపోవడం. ఆకలి అని చెప్పగానే ఒప్పుకుంది. కానీ బాకీ రాసుకుంది. నువ్వు ఒకదాన్ని తీసుకున్నావు కాబట్టి ఇక మీదట దీన్ని మోయి అంది. వేటగాడు దొంగ కాలేదు, మోసేవాడయ్యాడు. కౌజుకు ఉచ్చు పెట్టినప్పుడు మన పెద్దలు పాటించిన లెక్కలు కూడా ఈ రకమైనవే. ఏ నెలలో పెట్టకూడదు, గూటి మీది పెట్టను ఎందుకు వదలాలి అన్నవి వాళ్ళు చట్టం చదివి నేర్చుకున్నవి కావు.

అదే బ్లాక్‌ఫుట్ ప్రజల మీద ఇంకో రకం వేట జరిగింది. అమెరికా ప్రభుత్వం 1883లో ఆదివాసుల నాట్యాల్ని, క్రతువుల్ని నేరాల కింద కట్టింది. కెనడా 1895లో చట్టం బిగించి ప్రెయిరీ ప్రజల క్రతువుల్ని కూడా అందులోకి లాగింది. 1951 దాకా ఆ నిషేధం పుస్తకాల్లో ఉంది. ఆడితే రేషన్ ఆపేవాళ్ళు, జైల్లో పెట్టేవాళ్ళు. సరిగ్గా అప్పుడే ఫొటోగ్రాఫర్లు వచ్చారు. వాళ్ళలో అందరికన్నా పేరున్నవాడు ఎడ్వర్డ్ కర్టిస్. 1900లో మోంటానాలో బ్లాక్‌ఫుట్‌లలోని పీగన్ తెగవారి సూర్యనాట్యం చూశాడు. ఆ తర్వాత 1907 నుంచి 1930 దాకా ఉత్తర అమెరికా ఆదివాసుల మీద 20 సంపుటాలు తెచ్చాడు. ఆట ఆడితే నేరం, ఆ ఆటను ఫొటో తీస్తే కళ.

కర్టిస్ ఫొటో ఒకటి ప్రతి టీచరూ పిల్లలకు చూపించదగ్గది. పీగన్ గుడారంలో ఇద్దరు మగవాళ్ళు కూర్చుని ఉంటారు. తీసినప్పుడు వాళ్ళ మధ్యన ఒక గడియారం ఉంది. పుస్తకంలో అచ్చు వేసేటప్పుడు దాన్ని చెరిపేశారు. ఆదివాసి ఇంట్లో గడియారం ఉంటే ఆదివాసి బొమ్మ చెడిపోతుందని. ఆ ఇంటివాళ్ళు గడియారం కొనుక్కున్నారు, చూసుకుంటున్నారు, దాన్ని పక్కన పెట్టుకుని ఫొటోకు కూర్చున్నారు. వాళ్ళు చూపించాలనుకున్నది వేరు, ఫొటోలో మిగిలింది వేరు.

ఇదంతా చదివాక గ్రౌస్ ఫొటోలు మళ్ళీ చూశాను. ఎంత అందంగా ఉన్నాయో! పొద్దుటి వెలుగు, బంగారం లాంటి గడ్డి, మంచు బొట్లు, ఒక్క పుంజు. కంచె లేదు, రోడ్డు లేదు, గాలిమర లేదు, కరెంటు స్తంభం లేదు, ఆవు లేదు. ఆ ఫొటోల్లో ఆ పక్షి ఎవరూ ముట్టని లోకంలో ఉంది. నిజంగా అది ఉన్నది నాలుగు పాళ్ళ లోపు మిగిలిన నేలలో, చేల మధ్యన, తీగల మధ్యన. ఎత్తైన వాటి దగ్గర ఈ పక్షులు గూడు పెట్టడానికి జంకుతాయి. అంటే స్తంభం నాటితే నేల పోయేది స్తంభం నిలబడినంత మేర మాత్రమే కాదు, దాని చుట్టూ చాలా మేర పక్షికి పనికిరాకుండా పోతుంది. ఫొటోలోంచి స్తంభాన్ని తప్పించడం గడియారాన్ని చెరపడం లాంటిదేనని నాకు అనిపిస్తుంది. పిట్టకు సిగ్గు లేదు, నిజమే. కానీ ఆ ఫొటో చూసినవాడు "ఇంకా బాగానే ఉన్నాయి కదా" అనుకుంటాడు. హాని అక్కడ జరుగుతుంది, ఆటస్థలంలో కాదు.

అందరూ అలా తీయరు, ఆ మాటా చెప్పాలి. స్తంభం కనబడేలా తీసేవాళ్ళు ఉన్నారు. అవి గోడలకు ఎక్కడం తక్కువ.

ఇక్కడ కెమెరా తరఫున కూడా మాట్లాడాలి, లేకపోతే వాదం ఒంటిచేతి చప్పట్లవుతుంది. విస్కాన్సిన్‌లో పనిచేసిన ఆల్డో లియోపోల్డ్ అనే పెద్దాయన అటవీశాస్త్రం చదివినవాడు, వేటగాడు. ప్రకృతిని వాడుకునే వాటిలో తరిగించకుండా వాడుకునేవి బహు కొద్ది, వాటిలో కెమెరా ఒకటి అని ఆయన లెక్క. తుపాకీ పట్టినవాడు ఒకదాన్ని పట్టుకుపోతే రెండోవాడికి అది లేదు. కెమెరా పట్టినవాడు వెయ్యిమంది వచ్చినా పిట్ట అక్కడే ఉంటుంది. వాదన బాగుంది. ఆయన 1948లో పోయారు. ఒక్క ఫోనులో వెయ్యి ఫొటోలు పట్టే రోజులు, ఆటస్థలం ఎక్కడో ఆ ఫొటోయే చెప్పేసే రోజులు చూడలేదు. వెయ్యిమంది వచ్చి కూర్చుంటే పిట్ట అక్కడే ఉంటుందా అని ఇప్పుడు అడగాలి.

లియోపోల్డ్ శిష్యులు ఇద్దరున్నారు, ఫ్రెడరిక్, ఫ్రాన్సెస్ హేమర్‌స్ట్రామ్ అనే దంపతులు. విస్కాన్సిన్ ప్రెయిరీ కోళ్ళ మీదే బతుకంతా పెట్టారు. పాత ఇంట్లో కాపురముంటూ, పుంజుల కాళ్ళకు రంగు కడియాలు వేసి, ఏది ఎక్కడ నిలబడుతుందో ఏళ్ళ తరబడి రాశారు. ఆటస్థలాల దగ్గర చాటులు పెట్టి బయటి జనాన్ని రానిచ్చారు. దశాబ్దాల పొడుగునా వేలమంది వచ్చి చూశారు. అయితే ఊరికే చూసి పోనివ్వలేదు. చాటులో కూర్చున్న ప్రతివాడూ ఏ రంగు కడియం పుంజు ఎక్కడుందో, పెట్ట ఎప్పుడొచ్చిందో రాసి ఇవ్వాలి. చూపుకు పని కట్టారు. ఆ రాతల మీద నిలబడి, వాళ్ళు చెప్పిన పద్ధతిలో, గడ్డినేలను ముక్కలు ముక్కలుగా కొని కాపాడారు. అక్కడ ఆ పక్షులు పూర్తిగా పోకుండా ఉన్నాయంటే దాంట్లో చాటున కూర్చున్నవాళ్ళ పాలు కూడా ఉంది.

దానికి ఎదురుగా ఇంకో ఉదాహరణ. ప్రెయిరీ కోడికి తూర్పు తీరంలో ఒక సోదర జాతి ఉండేది, హీత్ కోడి. ఒకప్పుడు పనివాళ్ళ తిండిగా చవగ్గా దొరికేంత ఎక్కువ. చివరికి మార్తాస్ వైన్‌యార్డ్ అనే దీవిలో మాత్రమే మిగిలింది. 1908లో దానికోసం అభయారణ్యం పెట్టారు. వంద లోపు నుంచి రెండు వేల దగ్గరకు పెరిగాయి. 1916లో పెద్ద నిప్పు, ఆ తర్వాత గద్దలు, జబ్బులు. చివరికి ఒక్క పుంజు మిగిలింది. పెట్ట లేదు, తోటి పుంజు లేదు. అయినా అది పాత ఆటస్థలానికి వచ్చేది. ఆల్ఫ్రెడ్ గ్రాస్ అనే ఆచార్యుడు చాటు కట్టి, దాన్ని ఫొటోలు తీశాడు. 1932 మార్చి తర్వాత అది కనబడలేదు. ఫొటోలు ఉన్నాయి. ఆయన తప్పు చేశాడని నేను అనను. అప్పటికి చేయగలిగిన పని అదొక్కటే. కానీ ఎంత మంచి ఫొటో అయినా పెట్ట కాలేదు.

మన దగ్గర కూడా ఆటస్థలం కట్టే పక్షి ఉంది. కర్నూలు వైపు రోళ్ళపాడు గడ్డినేలల్లో బట్టమేకపిట్ట కోసం 1988లో అభయారణ్యం ప్రకటించారు. ఆ పుంజూ మెడ సంచి ఊది, తోక ఎత్తి ఆడేది. ఇప్పుడు రోళ్ళపాడులో అది కనబడటమే గగనం. దేశం మొత్తం మీద మిగిలినవి రెండు వందల లోపే, అవీ ఎక్కువ భాగం రాజస్థాన్‌లో. కరెంటు తీగలకు కొట్టుకుని చస్తున్నాయని 2021లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి మాట్లాడారు. తెలుగు పిల్లలు బట్టమేకపిట్టను చూసేది ఫొటోలోనే. మంచి ఫొటోలే ఉన్నాయి.

ఇక మన సంగతి. మన ఫొటోలు తీసినవాళ్ళలో అందరికన్నా ముందు చెప్పుకోవలసినవాడు హైమన్‌డార్ఫ్. 1940ల్లో మార్లవాయిలో ఉండి మన పెద్దల్ని, ఇళ్ళను, దండారిని వందల ఫొటోలు తీశాడు. అవి ఇప్పుడు లండన్‌లోని ఒక విశ్వవిద్యాలయ సంస్థలో ఉన్నాయి. మన పిల్లల్లో ఎంతమంది వాటిని చూశారు? తీసేటప్పుడు మన పెద్దల్ని ఎలా అడిగాడో, వాళ్ళేమన్నారో చెప్పేవాళ్ళు ఇప్పుడు లేరు. కానీ అదే మనిషి అదే మార్లవాయిలో మన వాళ్ళను టీచర్లను చేసే శిక్షణ మొదలుపెట్టించాడు. పట్టాలు ఇప్పించడానికి నిలబడ్డాడు. ఆయన పేరు మన ఊళ్ళలో ఇంకా మర్యాదగా ఎందుకు పలుకుతుందంటే ఫొటోల వల్ల కాదు. తీసుకున్నాడు, మోశాడు. బ్లాక్‌ఫుట్ కథలో పుంజు అడిగింది దాదాపు ఇదే. ఇంకో సంగతి కూడా ఉంది: ఇవాళ తాత ముఖం ఎలా ఉండేదో చూడాలని ఒక ఇంటివాళ్ళకు అనిపిస్తే ఆ ఫొటోలే దిక్కు. కర్టిస్ ఫొటోల్లో కూడా అక్కడివాళ్ళు తమ ముత్తాతల్ని వెతుక్కుంటున్నారు. గడియారం చెరిపినవాడి పుస్తకంలోనే వెతుక్కోవలసి రావడం బాధే, అయినా వెతుక్కుంటున్నారు.

ఇప్పుడు వచ్చేవాళ్ళు వేరు. రెండేళ్ళ కింద దండారి రోజుల్లో ఒక ఊళ్ళో చూశాను. బయటి నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు, పెద్ద కెమెరాలు. ఆట ముగిసింది. ఎండ ఎదురుగా పడి ఫొటో సరిగా రాలేదట. "పెద్దాయనా, ఇటు తిరిగి ఇంకొక్కసారి ఆడమనండి" అన్నారు. ఆ పెద్దాయన కోపం తెచ్చుకోలేదు. "ఇది మీ కోసం ఆడింది కాదు బాబూ. దేవుడి కోసం ఆడాం, అయిపోయింది" అన్నాడు. వాళ్ళు ఇంకొకర్ని అడిగారు. వంద రూపాయలు చూపించారు. ఒక పిల్లవాడు ఈకల టోపీ పెట్టుకుని ఎండకు ఎదురుగా నిలబడ్డాడు. గుస్సాడి దీక్షలో ఉన్నవాడు స్నానం కూడా ముట్టడు. ఆ టోపీ ఎవరు, ఎప్పుడు పెట్టుకోవాలో దానికి పద్ధతి ఉంది. ఆ పిల్లవాడి మీద నాకు కోపం లేదు. వంద రూపాయలు వంద రూపాయలే.

ఆ కుర్రాళ్ళకు గ్రౌస్ చాటు కట్టుబాట్లు చెప్పి ఉంటే ఎలా ఉండేదో అనిపించింది. పిలవకూడదు, ఆట మార్చకూడదు, ముగిసేదాకా లేవకూడదు, వెలుగు బాగా లేకపోతే వెలుగు బాగా లేనట్టే. పిట్టకు ఇచ్చే ఈ మర్యాద మనకు ఇవ్వడానికి వాళ్ళకు అభ్యంతరం ఉంటుందనుకోను. ఎవరూ చెప్పలేదు, అంతే. అక్కడి ప్రెయిరీ ఆదివాసుల పౌ-వావ్ పండుగల్లో మైకు పట్టుకున్న పెద్దమనిషి, ఇప్పుడు కెమెరాలు దించండి అని చెబుతాడు. కొన్ని పాటలకు, గద్ద ఈక కింద పడినప్పుడు చేసే క్రతువుకు ఫొటో లేదు. మిగతా వాటికి ఉంది. మైకు వాళ్ళ చేతిలో ఉంది కాబట్టి ఆ మాట చెల్లుతోంది.

పిట్టకు మనిషికి మధ్య అసలు తేడా ఇక్కడ నాకు దొరికింది. పిట్ట విషయంలో కట్టుబాటు చూసేవాడే పెట్టుకోవాలి, ఇంకో దారి లేదు. అందుకే అది దాక్కోవడంగా ఉంటుంది. మన విషయంలో కట్టుబాటు పెట్టేది మనం. మనం పెట్టకపోతే వచ్చినవాడు మనల్ని పిట్టల్లా చూస్తాడు, అదీ చాటు లేకుండా. పిట్టకన్నా హీనం.

అందుకని తోటి టీచర్లను ఒకటి అడుగుతున్నాను. ఈ దండారికి ముందు మీ ఊరి పటేల్‌తో, దేవారితో, యువకులతో కూర్చుని మూడు సంగతులు మాట్లాడండి. ఫొటో ఎప్పుడు తీయవచ్చు, ఎప్పుడు తీయకూడదు. తీసినవాడు ఒక ప్రతి ఊరికి ఎలా అందజేయాలి, దాన్ని బడిలో ఉంచాలా, పటేల్ ఇంట్లో ఉంచాలా. మన పిల్లలే ఫోనుల్లో తీసి పంపుతున్నవాటి మాటేమిటి? మూడోది అన్నిటికన్నా కష్టం. మా ఊళ్ళో దాని దగ్గరే ఆగిపోయాం. యువకులు, మన ఆట మనం తీసుకుంటే తప్పేంటన్నారు. పెద్దలు, దీక్ష ఉన్నంతసేపు టోపీ ఫొటోలో పడకూడదన్నారు. గడియారం ఉన్న ఫొటో, లేని ఫొటో రెండూ తెచ్చి చూపించాను. ఒక ముసలాయన చాలాసేపు చూసి, ఆ ఇద్దరి ఊరేది, వాళ్ళ మనవళ్ళు ఇప్పుడు ఏం చేస్తున్నారు అని అడిగాడు. వచ్చే సోమవారం మళ్ళీ కూర్చుంటున్నాం.